పాతదా, కొత్తదా? ముందు లెక్క వేద్దాం

(స్వర్ణోత్సవాల సందర్భంగా 2026 సంక్రాంతి సెలవుల్లో జరిగిన పూర్వ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను 1977 పదో తరగతి బ్యాచ్. తర్వాత లెక్కల మాస్టారినై ఈ చుట్టుపక్కల మండలాల్లోనే తిరిగి 2024లో రిటైరయ్యాను. పాటలు పాడేవాళ్లు పాడారు, జ్ఞాపకాలు చెప్పేవాళ్లు చెప్పారు. నాకు మాత్రం ఆదాయపు పన్ను అప్పగించారు. భోజనాల ముందు ఈ సబ్జెక్టు ఎవరు వింటారండీ అంటే, "ఫిబ్రవరి వస్తోందిగా, అందరూ వింటారు" అన్నారు కార్యదర్శి గారు. నిజమే. ఉద్యోగులకు ఫిబ్రవరి జీతమంటే సగం జీతమే. డీడీఓ గారికి ఐటీ ఫారం ఇవ్వడం, మిగిలిన పన్నంతా ఒక్క నెలలో కోయించుకోవడం మనకు అలవాటే.

ముందుగా నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. పాతికేళ్లపాటు మా స్కూళ్లలో తోటి టీచర్ల ఐటీ ఫారాలు నేనే నింపేవాణ్ణి. 2023-24లో కొత్త పద్ధతిని ప్రభుత్వం ప్రధాన పద్ధతి చేసింది. అంటే మనం ఏమీ చెప్పకపోతే కొత్తదే వర్తిస్తుంది. నాకు మాత్రం చెయ్యి పాతదానికే అలవాటు. మాతో పనిచేసే ఒక టీచరమ్మ ఫారంలో పాత పద్ధతి దగ్గర టిక్కు పెట్టేశాను. ఆమె జీతం ఏడాదికి 9,60,000. సొంత ఇల్లు, దాని మీద లోను లేదు. ఏపీజీఎల్ఐ, ఎల్ఐసీ అన్నీ కలిపి పొదుపు లక్ష. పన్ను 76,980 అయింది. "మాస్టారు వేశారు, ఇంక చూసేదేముంది" అని ఆమె సంతకం పెట్టింది.

మే నెలలో ఆమె కొడుకు ఇంటర్ ఫీజుకు నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చిందని తెలిసింది. మనసులో ఏదో మెదిలి ఆ రాత్రి కూర్చుని కొత్త పద్ధతిలో లెక్క వేశాను. 48,360 వచ్చింది. అంటే 28,620 రూపాయలు నా అలవాటు వల్ల ఎక్కువ కట్టింది. మర్నాడు ఆమెకు ఎదురుపడి చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెప్పాక ఆమె ఒకటే అడిగింది: "ఇప్పుడేమైనా చేయొచ్చా మాస్టారూ?"

చేయొచ్చు. ఇదే మీరు గుర్తుపెట్టుకోవాల్సిన మొదటి మాట. ఫిబ్రవరిలో ఆఫీసుకు ఇచ్చే ఫారం చివరి మాట కాదు. వ్యాపార ఆదాయం లేని ఉద్యోగి, పింఛనుదారు ఏటా రిటర్ను వేసేటప్పుడు పద్ధతి మార్చుకోవచ్చు. పాతది కావాలనుకుంటే మాత్రం గడువులోపే వేయాలి, మామూలుగా అది జూలై 31. ఆమె రిటర్ను కొత్త పద్ధతిలో వేశాం. డబ్బు వెనక్కి వచ్చింది. మధ్యలో కట్టిన వడ్డీ మాత్రం రాలేదు.

ఇక రేట్లు. మన పేట పెద్దల కాలంలో జమీందారు శిస్తు ఉండేది. ఆదాయం మీద పన్నును 1860లో జేమ్స్ విల్సన్ తెచ్చాడు. నేను ఏడో తరగతిలో ఉన్న 1973-74లో అత్యధిక రేటు సర్‌ఛార్జీతో కలిపి 97.75 శాతం. అంటే పై అంచెలో సంపాదించిన ప్రతి నూరు రూపాయల్లో రెండున్నర కూడా చేతికి మిగలదు. అక్కడి నుంచి ఇక్కడికి వచ్చాం.

2025-26కు కొత్త పద్ధతిలో 4 లక్షల దాకా పన్ను లేదు. 4 నుంచి 8 దాకా 5 శాతం, 8 నుంచి 12 దాకా 10, 12 నుంచి 16 దాకా 15, 16 నుంచి 20 దాకా 20, 20 నుంచి 24 దాకా 25, ఆపైన 30 శాతం. పాత పద్ధతిలో రెండున్నర లక్షల దాకా లేదు. అరవై దాటినవారికి 3 లక్షలు, ఎనభై దాటినవారికి 5 లక్షలు. ఆ పైన 5 లక్షల దాకా 5 శాతం, 10 లక్షల దాకా 20, ఆపైన 30. రెండింటిలోనూ వచ్చిన పన్ను మీద 4 శాతం సెస్సు.

ఇక్కడ చాలామందికి ఒక భయం. "ఒక్క రూపాయి దాటితే మొత్తం జీతం పై రేటులోకి పోతుందా?" పోదు. సాగర్ కాలువ నీళ్లు మళ్లలోకి పెట్టినట్టు చూడండి. మొదటి మడి నిండాకే రెండో మడికి గండి కొడతాం. రెండో మడిలోకి నీళ్లు వెళ్లాయని మొదటి మడి నీళ్లు మారిపోవు. పై రేటు ఆ మడిలో పడిన రూపాయలకే.

మరి "పన్నెండు లక్షల దాకా పన్ను లేదు" అంటారేమిటి? స్లాబుల ప్రకారం 12 లక్షల మీద 60,000 పన్ను పడుతుంది. ఆ 60,000ను రిబేటుగా తీసేస్తారు. జీతం, పింఛను ఉన్నవారికి ముందే 75,000 ప్రామాణిక తగ్గింపు ఉంది కాబట్టి 12,75,000 దాకా సున్నా. కొంచెం దాటినా కంగారు వద్దు. తగ్గింపు పోను ఆదాయం 12,10,000 అయితే పన్ను 61,500 కాదు, దాటిన 10,000 మాత్రమే, సెస్సుతో 10,400.

ఇప్పుడు మూడు లెక్కలు.

మొదటిది, నెలకు 95,000 జీతం ఉన్న టీచరు. ఏడాదికి 11,40,000. కొత్తలో 75,000 పోను 10,65,000. రిబేటు వల్ల పన్ను సున్నా. పాతలో 50,000 ప్రామాణిక తగ్గింపు, 2,400 వృత్తి పన్ను, 80సి కింద లక్షన్నర, ఆరోగ్య బీమాకు 25,000, ఇంటి లోను వడ్డీకి 2 లక్షలు, అన్నీ తీసేసినా ఇంకా 57,220 కట్టాలి. ఈ జీతంలో పాతదాని గురించి ఆలోచించక్కర్లేదు.

రెండోది, ఏడాదికి 18 లక్షలు వచ్చే మన పిల్లలు. కొత్తలో పన్ను 1,50,800. పాతది దీనికి సమానం కావాలంటే ప్రామాణిక తగ్గింపు కాక ఇంకా 6,42,000 దాకా మినహాయింపులు చూపాలి. 80సి లక్షన్నర, ఎన్‌పీఎస్ అదనం 50,000, ఆరోగ్య బీమా 25,000, ఇంటి లోను వడ్డీ 2 లక్షలు, వృత్తి పన్ను కలిపితే 4,27,400. చాలదు. కానీ పేటలో అమ్మానాన్నలకు లోను పెట్టి ఇల్లు కట్టించి, తాను హైదరాబాద్‌లో నెలకు 30,000 అద్దె కడుతూ, మూల వేతనం 9 లక్షలు, హెచ్‌ఆర్‌ఏ 3,60,000 ఉన్న అబ్బాయికి అద్దె మినహాయింపు 2,70,000 వస్తుంది. అప్పుడు పాతలో 1,33,410. పదిహేడు వేల పైచిలుకు మిగులు. అద్దె 25,000 అయితే కొత్తదే కాస్త మేలు. చూశారా, ఐదు వేల అద్దెతో జవాబు మారింది. అందుకే పక్కవాడి టిక్కు చూసి మనం టిక్కు పెట్టకూడదు.

మూడోది, మా గురువుల కోసం. పింఛను 7,20,000, బ్యాంకు డిపాజిట్ల వడ్డీ 1,60,000 అనుకుందాం. కొత్తలో 75,000 పోను 8,05,000. పన్ను సున్నా. కానీ అరవై దాటినవారికి ఒక బ్యాంకులో వడ్డీ ఏడాదికి లక్ష దాటితే బ్యాంకు 10 శాతం టీడీఎస్ కోస్తుంది. ఏప్రిల్‌లోనే 15హెచ్ ఫారం ఇస్తే కోయదు. కోసేశాక రిటర్ను వేస్తేనే తిరిగి వస్తుంది. "పన్ను లేదుగా, రిటర్నెందుకు" అని ఊరుకున్న మాస్టార్లు ఎందరో నాకు తెలుసు. మాస్టారూ, ఆ డబ్బు మీదే. వదులుకోకండి.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. మన ప్రాంతంలో స్థలాలు చేతులు మారుతున్నాయి. "పన్నెండు లక్షల దాకా లేదన్నారుగా" అని స్థలం అమ్మిన లాభాన్ని కూడా అందులో వేసుకోకండి. ఆ రిబేటు దీర్ఘకాల మూలధన లాభం మీద 12.5 శాతం పన్నుకు వర్తించదు. మిగతా ఆదాయం 6 లక్షలే ఉన్నా, స్థలం మీద 5 లక్షల లాభం వస్తే 65,000 కట్టాల్సిందే. 2024 జూలై 23కు ముందు కొన్న స్థలమైతే ఇండెక్సేషన్‌తో 20 శాతం లెక్క కూడా వేసి, ఏది తక్కువైతే అది కట్టవచ్చు. వ్యవసాయ భూమి అయితే మునిసిపాలిటీకి ఎంత దూరమో చూడాలి. పదివేలకు పైన, లక్షలోపు జనాభా ఉన్న పట్టణమైతే హద్దు నుంచి గాలిగీతన 2 కిలోమీటర్లు దాటిన భూమికి ఈ పన్ను లేదు. ఇక మిర్చి, పత్తి మీద వచ్చే ఆదాయానికి పన్ను లేదు గానీ, 5,000 దాటితే మిగతా ఆదాయం రేటు లెక్కకు కలుస్తుంది. రిటర్నులో చూపించాలి.

దుకాణం, ప్రాక్టీసు ఉన్న మిత్రులకు ఏటా మార్చుకునే వెసులుబాటు లేదు. 10-ఐఈఏ ఫారం వేసి పాతదానికి వెళ్తే, మళ్లీ కొత్తదానికి ఒక్కసారే తిరిగి రావచ్చు. ఆలోచించి వెళ్లండి.

ఇంకో సంగతి. "నాకు పది శాతం ఇవ్వండి, రిఫండ్ తెప్పిస్తా" అనేవాళ్లున్నారు. లేని అద్దె, ఇవ్వని పార్టీ విరాళం రాస్తారు. 2025 జూలైలో కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు దేశవ్యాప్తంగా తనిఖీలు చేసింది. అప్పటికి నాలుగు నెలల్లో సుమారు 40,000 మంది 1,045 కోట్ల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారని ప్రకటించింది. తప్పు తేలితే పన్నుకు రెండింతలు జరిమానా ఉంటుంది. అది కట్టేది రిటర్ను మీద పేరున్న మనమే, నింపిపెట్టిన మనిషి కాదు.

ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం వస్తోంది. సెక్షన్ల నంబర్లు మారతాయి. బడ్జెట్లో రేట్లు మారితే మారవచ్చు. లెక్క వేసే తీరు మాత్రం ఇదే. ఒక తెల్ల కాగితం తీసుకుని మధ్యలో గీత గీయండి. ఎడమన పాతది, కుడిన కొత్తది. రెండూ పూర్తిగా వేశాకే టిక్కు పెట్టండి. ఆ రోజు నేను చేయనిది అదొక్కటే.

ఆఖరి మాట. భోజనాల తర్వాత సంఘం నిధికి చందాల పుస్తకం తిరుగుతుంది. కొత్త పద్ధతిలో 80జి మినహాయింపు లేదు. కాబట్టి ఈసారి ఎవరిచ్చినా పన్ను కోసం ఇచ్చారని అనడానికి వీల్లేదు. బడి మీద ప్రేమతోనే ఇచ్చినట్టు. ఆ టీచరమ్మ కూడా మన పూర్వ విద్యార్థినే. ఇక్కడే వెనక వరుసలో కూర్చుంది. పుస్తకంలో మొదటి పేరు ఆమెదే.