వెన్ను ఆపరేషన్ తర్వాత నొప్పి బిళ్ళలు - తీసుకోవలసిన జాగ్రత్తలు
(సంఘాల కార్యదర్శుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాల క్యాన్లు ఎత్తడం, గడ్డిమోపులు మోయడం, వంగి పేడ తీయడం - ఇన్ని పనుల మధ్య నడుము నొప్పి ఎరుగని పాడి రైతు ఇల్లు అరుదు. అందరికీ ఆపరేషన్ అవసరం ఉండదు. అవసరమైనవారు పలువురు హైదరాబాదులోని పంజగుట్టకు వస్తారు. ఒకప్పటి నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రి, నేటి నిమ్స్, అక్కడే ఉన్నది. అమీర్‌పేటలో గది తీసుకొని, పరీక్షలు, ఆపరేషన్ ముగించుకొని ఊరు చేరుతారు. నేను చెప్పదలచినది ఆ తర్వాతి సంగతి.

ఆపరేషన్ అయిన తొలి రోజులలో ట్రమడాల్, టాపెంటడాల్ వంటి మందులు ఇస్తారు. ఇవి నల్లమందు వలె మెదడుపై పనిచేసేవి. డాక్టరు చెప్పినన్నాళ్ళు వాడటంలో తప్పు లేదు. భయపడి మానితే రోగి లేచి నడవలేడు. కాని 3 నెలలు దాటినా వాడుతూనే ఉంటే జాగ్రత్తపడాలి. శరీరం అలవాటుపడి, అదే నొప్పికి ఎక్కువ మోతాదు కోరుతుంది. మలబద్ధకం, మత్తు కలుగుతాయి. మద్యంతో కలిస్తే ఊపిరి మందగించి ప్రాణానికే ముప్పు.

ఈ అలవాటు ఎవరికి ఎక్కువగా పట్టుకుంటుంది?

1. ఆపరేషన్‌కు ముందే నెలల తరబడి ఈ బిళ్ళలు మింగినవారికి. అన్నిటికంటె పెద్ద కారణం ఇదే.

2. దిగులు, ఆందోళనతో బాధపడేవారికి.

3. బీడీ, సిగరెట్, మద్యం అలవాటున్నవారికి.

4. ఒంట్లో ఇతర చోట్ల కూడా దీర్ఘకాలపు నొప్పులున్నవారికి, వెన్నుకు మళ్ళీ ఆపరేషన్ జరిగినవారికి.

ఇందులో సిగ్గుపడవలసింది లేదు. ఆపరేషన్‌కు ముందే డాక్టరుకు దాచకుండా చెప్పాలి.

2018లో కేంద్ర ప్రభుత్వం ట్రమడాల్‌ను 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చింది. పాత చీటీతో కొనవద్దు, పొరుగువారికి ఇవ్వవద్దు. పాల పుస్తకంలో పూటపూటా రాసినట్లే వేసుకున్న బిళ్ళల లెక్క రాయండి. చాలాకాలం వాడినవారు ఒక్కసారిగా మానితే చెమటలు, విరేచనాలు, నిద్రలేమి కలుగుతాయి. దూడకు పాలు మాన్పించినట్లు, డాక్టరు సలహాతో కొద్దికొద్దిగా తగ్గించాలి.

కార్యదర్శులకు ఒక మనవి. ఆపరేషన్ చేయించుకొని వచ్చిన సభ్యుని పాలు కొన్ని వారాలు ఇంకొకరు కేంద్రానికి తెచ్చే ఏర్పాటు చేయండి. బిళ్ళ మింగి బరువు ఎత్తవలసిన అవసరం అతనికి రాకూడదు. ఇరుగుపొరుగు చేయగల సాయం ఇది.