రెండు దేనారములు
(రేడియో ప్రసంగ పాఠము)

 

నేటి ధ్యానమునకు వాక్యభాగము లూకా సువార్త 10వ అధ్యాయము, 30 నుండి 37 వరకు గల వచనములు. మంచి సమరయుని ఉపమానం మనకందరికీ తెలుసు. నూనె, ద్రాక్షారసం పోసి గాయాలు కట్టడం మనకు గుర్తుంటుంది. అయితే 35వ వచనం దగ్గర మనం ఎక్కువసేపు ఆగము. మరునాడు అతడు రెండు దేనారములు తీసి పూటకూళ్లవాని చేతిలో పెట్టాడు. ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు తీరుస్తానని మాట ఇచ్చాడు. దేనారము అంటే కూలివాని ఒకరోజు కూలి. అంటే రెండు రోజుల కష్టార్జితం, దానితోపాటు ఒక వాగ్దానం.

మొదటి సంగతి: జాలి ఒక్కటే గాయాన్ని మాన్పదు. దగ్గరుండి చూసుకునే మనిషి కావాలి, ఆ మనిషికి ఖర్చు పెట్టేవారు కావాలి.

తమిళనాడులోని తిండివనంలో ఐడా స్కడర్ అనే అమెరికా యువతి తండ్రి ఇంట ఉన్న రోజులవి. ఒకే రాత్రి ముగ్గురు భర్తలు వచ్చి కాన్పు కష్టమైన తమ భార్యలను కాపాడమని ఆమెను వేడుకున్నారు. వారిలో ఇద్దరు హిందువులు, ఒకరు ముస్లిం. ఆమె తండ్రి వైద్యుడే గాని, పరాయి పురుషుని లోపలికి రానివ్వడానికి వారు ఒప్పుకోలేదు. ముగ్గురు తల్లులూ చనిపోయారు. ఐడా అమెరికా వెళ్లి వైద్యం చదివి తిరిగి వచ్చారు. షెల్ అనే న్యూయార్క్ బ్యాంకరు చనిపోయిన తన భార్య జ్ఞాపకార్థం 10,000 డాలర్లు ఇచ్చారు. దానితో 1902లో వెల్లూరులో ఆసుపత్రి తెరిచారు.

ఒక్క డాక్టరమ్మ ఎంతమందిని చూడగలదు? అందుకే 1909లో నర్సింగ్ శిక్షణ, 1918లో స్త్రీల వైద్య పాఠశాల ప్రారంభించారు. 1920ల ఆరంభంలో ఆసియాలోని ఏడు క్రైస్తవ మహిళా కళాశాలల కోసం అమెరికా స్త్రీలు నిధి సేకరించారు. వాటిలో వెల్లూరు ఒకటి. మీరు 20 లక్షల డాలర్లు కూడబెడితే మేము 10 లక్షలు ఇస్తామని రాక్‌ఫెల్లర్ కుటుంబ నిధివారు చెప్పారు. సంఘ స్త్రీలు ఒక్కొక్క డాలరూ పోగుచేసి ఆ షరతు నెరవేర్చారు. ధనవంతుని కానుక వచ్చింది గాని, దాని తలుపు తెరిచింది చిన్న కానుకలే.

మన గుంటూరును తీసుకోండి. 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ గారి పరిచర్యను పోషించినది లూథరన్ సంఘ స్త్రీల కానుకలు. 1898లో ఆసుపత్రి తెరిచారు. తన భార్యకు జరిగిన వైద్యానికి కృతజ్ఞతగా ఏలూరు రాజా భుజంగరావు గారు రోగుల బంధువుల కోసం అక్కడ సత్రం కట్టించారు. ఆయన క్రైస్తవుడు కాదు. పొరుగువాడెవడు అన్న ప్రశ్నకు అది మరొక జవాబు.

రెండవ సంగతి: సమరయుడు ఒకసారి ఇచ్చి ఊరుకోలేదు. మిగిలిన ఖర్చుకు కూడా బాధ్యత తీసుకున్నాడు. 1938 ప్రాంతంలో ప్రభుత్వం వైద్యవిద్యకు డిగ్రీ స్థాయి తప్పనిసరి చేసినప్పుడు వెల్లూరు పాఠశాల మూతపడే స్థితికి వచ్చింది. డెబ్బై దాటిన ఐడా గారు మళ్లీ అమెరికా వెళ్లి సంఘాలను అర్థించారు. 1942లో డిగ్రీ చదువు మొదలైంది.

సహోదరీ సహోదరులారా, ఇక్కడ మనలను మనం పరీక్షించుకుందాము. ఇంటర్ పూర్తిచేసి నర్సింగ్ చదవాలని ఆశించే ఆడపిల్లలు మన సంఘాలలో ఉన్నారు. జి.ఎన్.ఎం. మూడేళ్లు, బి.ఎస్సీ. నర్సింగ్ నాలుగేళ్లు. మొదటి ఏడాది ఫీజుకు చందా వేస్తాము, ప్రార్థన చేసి పంపిస్తాము. రెండవ ఏడాది హాస్టల్ బిల్లు, పరీక్ష ఫీజు వచ్చేసరికి ఎవరూ కనబడరు. కూలి చేసే తండ్రి వడ్డీకి అప్పు తెస్తాడు, లేదా పిల్ల చదువు మానేస్తుంది. గుడికి స్లాబు సగం పోసి వదిలేస్తామా? మరి పిల్ల చదువును ఎందుకు వదిలేస్తున్నాము?

కాబట్టి ప్రతి సంఘము ఒక బిడ్డను ఎంచుకొని, చదువు పూర్తయ్యేవరకు పోషించాలని తీర్మానించుకోవాలి. నెలకు రెండు రోజుల కూలి ఇవ్వగలవారు ఇవ్వండి, లేనివారు ఉన్నంతలో ఇవ్వండి. ఫీజు కళాశాలకే చెల్లించి, రసీదు సంఘ పెద్దల వద్ద ఉంచండి. ఆ బిడ్డను వేదిక మీద నిలబెట్టి సహాయం చాటించకండి. రేపు ఆమె చేతులు ఏ మతస్థుని గాయం కడతాయో మనకు తెలియదు. దెబ్బలు తిన్న మనిషి ఎవరని సమరయుడు కూడా అడగలేదు.

ప్రార్థన చేసుకుందాము. గాయపడినవారిని స్వస్థపరచు తండ్రీ, మొదలుపెట్టిన మేలును ముగించే మనస్సు మాకు దయచేయుము. ఫీజు కట్టలేక కన్నీళ్లతో ఉన్న బిడ్డలను జ్ఞాపకము చేసుకొనుము, వారి యొద్దకు మమ్మును పంపుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.