ఆగిన పాలు మళ్ళీ వస్తాయి

(మహిళా సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)



బిడ్డకు తల్లిపాలు మంచివని అందరికీ తెలుసు. పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టాలి. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే ఇవ్వాలి. మంచినీళ్ళు కూడా వద్దు. ఈ మాటలు నర్సమ్మ చెబుతూనే ఉంటుంది. ఆస్పత్రి గోడల మీద కూడా రాసి ఉంటాయి.

కాని గోడ మీద కనపడని సంగతి ఒకటి ఉంది. ఏదో కారణంతో పాలు ఆగిపోయిన తల్లి ఏం చెయ్యాలి? పది రోజులో, నెల రోజులో బిడ్డ సీసాకు అలవాటు పడింది. ఆ తల్లికి మళ్ళీ పాలు వస్తాయా?

"ఎండిన రొమ్ముకు పాలెక్కడివే?" అంటారు ఊళ్ళో. ఆ మాట నమ్మి ఎందరో తల్లులు ఆశ వదులుకుంటారు. ఆ మాట నిజం కాదు. చాలామంది తల్లులకు ఆగిన పాలు మళ్ళీ వస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లో ఈ విషయం మీదనే ఒక పుస్తకం వేసింది. ఎలా చెయ్యాలో అందులో వివరంగా చెప్పింది.

పాలు ఎందుకు ఆగుతాయి?

తల్లికి జబ్బు చేస్తుంది. ఆస్పత్రిలో పడుకుంటుంది. బిడ్డ ఇంటి దగ్గర ఉండిపోతుంది.

బిడ్డ నెలలు నిండకుండా పుడుతుంది. అద్దాల పెట్టెలో పెడతారు. తల్లి దగ్గరికి చేరేసరికి రోజులు గడిచిపోతాయి.

నాట్లు మొదలవుతాయి. కూలికి పోకపోతే పొయ్యి వెలగదు. తల్లి పొద్దున పోయి సాయంత్రం వస్తుంది. "ఎండలోంచి వచ్చావు, పాలు వేడి చేస్తాయి, ఇవ్వకు" అంటుంది అత్త. ఎండన పడి వచ్చినా పాలు చెడిపోవు. అయినా ఆ మాటతో ఒక పూట పాలు పోతాయి.

అన్నిటికంటే ఎక్కువ వినపడే మాట ఇంకొకటి ఉంది. "నాకు పాలు చాలడం లేదు." బిడ్డ ఏడిస్తే చాలు, పాలు లేవనుకుంటారు. డబ్బా తెస్తారు. బిడ్డ కడుపు సీసా పాలతో నిండుతుంది. రొమ్ము దగ్గర చీకదు. చీకకపోతే పాలు తగ్గుతాయి. పాలు తగ్గితే ఇంకో సీసా కలుపుతారు. చివరికి పాలు నిజంగానే ఆగిపోతాయి.

తర్వాత ఏం జరుగుతుంది? డబ్బా ఖరీదు ఎక్కువ. ఒక డబ్బా ఇంకో నాలుగు రోజులు రావాలని పొడి తగ్గిస్తారు, నీళ్ళు పెంచుతారు. బిడ్డకు కడుపు నిండుతుంది గాని బలం రాదు. సీసా సరిగా కడగరు. నీళ్ళు కాచరు. విరేచనాలు పట్టుకుంటాయి. బిడ్డ చిక్కిపోతుంది. పసిబిడ్డకు విరేచనాలంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. అందుకే పాలు మళ్ళీ తెప్పించుకోవడం చిన్న సంగతి కాదు.

దూడ కుడిస్తేనే ఆవు చేపుతుంది

పాడి ఉన్న ఇంట్లో ఆడవాళ్ళకు ఈ సంగతి కొత్త కాదు. దూడను వదిలితే ఆవు చేపుతుంది. దూడ మూతితో పొడుస్తుంది, కుడుస్తుంది. అప్పుడు పొదుగులోకి పాలు దిగుతాయి. పాలు పిండడం మానేస్తే నాలుగు రోజులకు ఆవు ఎండిపోతుంది.

తల్లి సంగతీ అంతే. బిడ్డ చనుమొనను చీకుతుంది. ఆ కబురు నరాల గుండా తలలోకి పోతుంది. మెదడు కింద పిట్యూటరీ అనే చిన్న గ్రంథి ఉంది. అది రెండు రసాలను రక్తంలోకి వదులుతుంది. ఒకటి ప్రొలాక్టిన్. అది పాలు తయారు చేయిస్తుంది. రెండోది ఆక్సిటోసిన్. అది పాలు చేపుకు తెస్తుంది.

"అడగందే అమ్మయినా పెట్టదు" అని సామెత. రొమ్ము దగ్గర బిడ్డ అడగడమంటే చీకడమే. ఎన్నిసార్లు చీకితే అన్ని పాలు. రొమ్ము చిన్నదా పెద్దదా అన్నది లెక్కలోకి రాదు.

ప్రొలాక్టిన్ రాత్రిపూట ఎక్కువ వస్తుంది. కాబట్టి రాత్రి పాలు మానకూడదు. ఆక్సిటోసిన్‌కు తల్లి మనసు కుదురుగా ఉండాలి. తిట్లు, దిగులు, నొప్పి ఉంటే పాలు దిగడం ఆలస్యమవుతుంది.

ఎవరికి తొందరగా వస్తాయి?

బిడ్డ వయసు రెండు మూడు నెలల లోపు ఉంటే పని తేలిక. పాలు ఆగి కొద్ది రోజులే అయితే ఇంకా తేలిక. బిడ్డ బాగా చీకుతుంటే సగం గెలిచినట్టే. బిడ్డ పెద్దదైనా, పాలు ఆగి నెలలైనా ప్రయత్నం చెయ్యవచ్చు. అయితే ఓపిక ఎక్కువ కావాలి.

తల్లి చనిపోయిన బిడ్డకు అమ్మమ్మో, పిన్నో పాలు తెప్పించుకుని ఇచ్చిన సంగతులు కూడా ఉన్నాయి. వాళ్ళు తమ పిల్లలకు పాలు మాన్పించి ఎన్నో ఏళ్ళయి ఉంటుంది. అలా ఇచ్చేవాళ్ళు ముందుగా ఆస్పత్రిలో హెచ్‌.ఐ.వి. పరీక్ష, మిగతా రక్తపరీక్షలు చేయించుకోవాలి.

ఏం చెయ్యాలి?

ఒక కూలి తల్లిని అనుకుందాం. బిడ్డకు రెండు నెలలు. తల్లి జ్వరంతో పన్నెండు రోజులు ఆస్పత్రిలో ఉంది. బిడ్డ అమ్మమ్మ దగ్గర సీసా పాలు తాగింది. తల్లి ఇంటికి వచ్చేసరికి రొమ్ములు మెత్తబడిపోయాయి. ఆమె ఏం చెయ్యాలి?

మొదట ఏ.ఎన్‌.ఎం. దగ్గరకో, ఆశా కార్యకర్త దగ్గరకో పోవాలి. బిడ్డను తూకం వేయించాలి. ఆ తూకం కాగితం మీద రాసి పెట్టాలి. బిడ్డ నీరసంగా ఉంటే ముందు డాక్టరుకు చూపించాలి.

రెండు, సీసా తీసి పక్కన పెట్టాలి. సీసా పీకను చీకే పద్ధతి వేరు, రొమ్మును చీకే పద్ధతి వేరు. సీసాకు అలవాటైన బిడ్డ రొమ్ము దగ్గర తికమక పడుతుంది. పైపాలు ఉగ్గుగిన్నెతోనే పట్టాలి. గిన్నెను మరిగే నీళ్ళలో వేసి తీయాలి.

మూడు, బిడ్డను రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు రొమ్ముకు పెట్టాలి. పగలూ రాత్రీ పెట్టాలి. రెండు వైపులా ఇవ్వాలి. ఒక్కో వైపు పది నిమిషాలకు తగ్గకూడదు. చనుమొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా బిడ్డ నోట్లోకి పోవాలి. బిడ్డను ఒంటికి ఆనించుకుని పడుకోవాలి.

బిడ్డ చీకనంటే?

ఖాళీ రొమ్మును చూసి బిడ్డ ఏడుస్తుంది. తల తిప్పేసుకుంటుంది. తల్లి మనసు చివుక్కుమంటుంది. చాలామంది అక్కడే ఆపేస్తారు. అక్కడే ఆపకూడదు.

బిడ్డ నిద్రమత్తులో ఉన్నప్పుడు పెట్టి చూడాలి. బాగా ఆకలై ఏడుస్తున్నప్పుడు పెడితే చీకదు. ముందు రెండు చెంచాల పాలు పట్టి, తర్వాత పెట్టాలి.

ఇంకో ఉపాయం ఉంది. బిడ్డ నోరు రొమ్ము మీద ఉండగా, పక్కనున్న మనిషి చెంచాతో పాలు చుక్కలు చుక్కలుగా రొమ్ము మీద పొయ్యాలి. ఆ పాలు జారి బిడ్డ నోట్లో పడతాయి. చీకితే పాలు వస్తున్నాయని బిడ్డ అనుకుంటుంది. ఇంకా చీకుతుంది.

ఆస్పత్రిలో సన్నని గొట్టంతో కూడా ఈ పని చేయిస్తారు. గొట్టం ఒక కొన పాలగిన్నెలో ఉంటుంది. రెండో కొన చనుమొన పక్కన అతికించి ఉంటుంది. బిడ్డ రెండూ కలిపి చీకుతుంది. గిన్నెలోని పాలతో కడుపు నిండుతుంది. చీకడం వల్ల రొమ్ములో పాలు ఊరతాయి. గిన్నె పైకి ఎత్తితే పాలు తొందరగా వస్తాయి. కిందికి దించితే నెమ్మదిగా వస్తాయి. బాగా చిక్కిపోయిన పసిబిడ్డలను చేర్చుకునే పోషకాహార పునరావాస కేంద్రాలలో ఈ పద్ధతి ఉంది. నర్సు దగ్గర నేర్చుకున్నాకే చెయ్యాలి. ప్రతిసారీ గొట్టాన్ని సబ్బునీళ్ళతో, తర్వాత మంచి నీళ్ళతో కడగాలి.

బిడ్డ అసలే చీకకపోతే తల్లి చేత్తో పిండాలి. రోజుకు ఎనిమిది సార్లయినా పిండాలి. మొదట ఏమీ రాదు. తర్వాత చెమ్మ కనపడుతుంది. తర్వాత చుక్క వస్తుంది.

కొందరికి వారంలోపే చుక్కలు కనపడతాయి. కొందరికి రెండు మూడు వారాలు పడుతుంది. ఇంకా ఎక్కువ పట్టినా ఆశ్చర్యం లేదు.

పైపాలు ఒక్కసారి ఆపకూడదు

ఇది చాలా ముఖ్యం. "ఆకలేస్తే అదే చీకుతుంది" అని బిడ్డను ఎండబెట్టకూడదు. ఆకలితో ఉన్న బిడ్డకు చీకే బలం ఉండదు.

ఇక్కడ లెక్క కావాలి. పసిబిడ్డకు కిలో బరువుకు రోజుకు 150 మి.లీ. పాలు కావాలి. ఆ కూలి తల్లి బిడ్డ 4 కిలోలు ఉందనుకుందాం. 4 సార్లు 150 అంటే 600 మి.లీ. ఎనిమిది సార్లు పడితే, ఒక్కో సారికి 75 మి.లీ. ఏ పాలు పట్టాలో డాక్టరు చెప్పినట్టు చెయ్యాలి. నీళ్ళు ఎక్కువ కలపకూడదు.

తల్లిపాలు మొదలయ్యాక రోజు మొత్తంలో 50 మి.లీ. మాత్రమే తగ్గించాలి. 600 కాస్తా 550 అవుతుంది. కొన్ని రోజులు ఆగి చూడాలి. బిడ్డ బాగుంటే ఇంకో 50 తగ్గించాలి. ఇలా పన్నెండు మెట్లు దిగితే పైపాలు అక్కర లేదు.

బాగుందని ఎలా తెలుస్తుంది? బిడ్డ పగలూ రాత్రీ కలిపి ఆరుసార్లు, అంతకన్నా ఎక్కువ ఒంటికి పోయాలి. వారానికి 125 గ్రాములు, అంటే నెలకు అరకిలో అయినా బరువు పెరగాలి. వారం వారం తూకం వేయించి రాసుకోవాలి. బరువు పెరగకపోతే తగ్గించిన పాలు మళ్ళీ కలపాలి. బిడ్డ మత్తుగా పడి ఉన్నా, ఒంటికి పోయకపోయినా వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి.

కొందరు తల్లులకు పూర్తిగా పాలు రావు. సగం వస్తాయి. సగమైనా మంచిదే. ఆ సగం బిడ్డకు జబ్బులతో పోరాడే శక్తి ఇస్తుంది. సగమే వచ్చిందని ఎవరూ ఆ తల్లిని తక్కువ చేసి మాట్లాడకూడదు.

తల్లి తిండి, మందులు

బాలింతకు పథ్యం పేరుతో కూరలు, పప్పు, పెరుగు మాన్పిస్తారు. నీళ్ళు కూడా కొలిచి ఇస్తారు. ఇది తప్పు. పాలిచ్చే తల్లి మామూలు కంటే ఎక్కువ తినాలి. పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు, పండు తినాలి. దాహమైనప్పుడల్లా నీళ్ళు తాగాలి. బాలింతకు ఆరు నెలలదాకా అంగన్‌వాడీలో ఉచితంగా తిండి ఇవ్వాలని 2013 ఆహార భద్రత చట్టం చెబుతోంది. అది దానం కాదు, హక్కు.

వెల్లుల్లి, మెంతులు తింటే తప్పులేదు. కాని బిడ్డ చీకకుండా మెంతులు ఒక్కటే పాలు తేలేవు. పాలు పడతాయని ఎవరో చెప్పిన మాత్రలు, సూదులు వాడకూడదు. పిల్లలు కలగకుండా వాడే మాలా-ఎన్‌ వంటి మాత్రలు పాలను తగ్గించవచ్చు. వేరే పద్ధతి నర్సమ్మను అడగాలి.

మామూలు జ్వరానికి, జలుబుకు పాలు ఆపనక్కర లేదు. హెచ్‌.ఐ.వి. ఉన్నవాళ్ళు, పెద్ద జబ్బులకు మందులు వాడేవాళ్ళు డాక్టరును అడిగే మొదలుపెట్టాలి.

ఒక్క తల్లి పని కాదు

రోజుకు పన్నెండు సార్లు బిడ్డను రొమ్ముకు పెట్టే తల్లి వంట ఎప్పుడు చేస్తుంది? నీళ్ళు ఎప్పుడు తెస్తుంది? కూలికి ఎలా పోతుంది? ఆ రెండు మూడు వారాలు ఇల్లంతా చెయ్యి వెయ్యాలి. భర్త నీళ్ళు మొయ్యాలి. అత్త అన్నం వండి పెట్టాలి. సంఘం కూడా ఆలోచించాలి. పొదుపు డబ్బులో కొంత అప్పుగా ఇస్తే ఆ తల్లి కూలి మాని ఇంటి దగ్గర ఉండగలదు. ఆ సొమ్ము డబ్బా పాలకు పెట్టే ఖర్చు కంటే ఎక్కువ కాదు.

"ఇంకా రాలేదా?" అని రోజూ అడగడం మానాలి. "ఈ రోజు బిడ్డ ఎంతసేపు చీకింది?" అని అడగాలి.

డబ్బా మీద చదవండి

పాలడబ్బాల మీద 1992లో ఒక చట్టం వచ్చింది. 2003లో దాన్ని ఇంకా గట్టి చేశారు. చంటిపిల్లల పాలడబ్బాలకు, పాలసీసాలకు ప్రకటనలు ఇవ్వకూడదు. తల్లులకు ఉచితంగా పంచకూడదు. డబ్బా మీద తల్లి బొమ్మ గాని, బిడ్డ బొమ్మ గాని వెయ్యకూడదు. బిడ్డకు తల్లిపాలే మేలని డబ్బా మీద తప్పకుండా అచ్చు వెయ్యాలి. పాలడబ్బా అమ్మేవాడి చేతనే ఆ మాట చెప్పించింది చట్టం.

అక్కలారా! ఇప్పుడు మీకు చదవడం వచ్చు. తూకం కాగితం చదవగలరు. 600లోంచి 50 తీసెయ్యగలరు. మీ వాడలో సీసా పట్టుకున్న తల్లి కనపడితే ఆమెను తప్పు పట్టకండి. పక్కన కూర్చోండి. ఈ పాఠం చదివి వినిపించండి. మొదటి వారం ఆమె ఇంట్లో ఒక బిందె నీళ్ళు పోసి రండి.

ఆలోచించండి, మాట్లాడుకోండి:

1. మీ ఊళ్ళో తల్లులు పాలు ఎందుకు మానేస్తున్నారు?
2. 5 కిలోల బిడ్డకు రోజుకు ఎన్ని మి.లీ. పాలు కావాలి?
3. పాలు తెప్పించుకునే తల్లికి మీ సంఘం ఏ సాయం చెయ్యగలదు?