రోడ్డు కాగితముపై నుండగనే
(ప్రసంగ పాఠము)



1950, 60 సంవత్సరములలో ఢిల్లీకి వచ్చి కొలువులో చేరిన తెలుగు గుమాస్తాకు మొదటి జీతములతో సమకూడిన ఆస్తి తఱచుగా సైకిలే. గోల్ మార్కెట్టునుండి, లోదీ కాలనీనుండి, కరోల్ బాగ్‌నుండి ఉదయపువేళ సచివాలయమునకు సాగిన సైకిళ్ల బారులను చూచిన పెద్దలు ఇప్పటికిని కొందఱు కలరు. వెనుక క్యారియరుపై టిఫిను డబ్బా, ముందు కడ్డీపై బడికి పోవు బిడ్డ. ఆ బిడ్డలు పెరిగి స్కూటరెక్కిరి. వారి బిడ్డలు కారెక్కిరి. అంతమాత్రమున సైకిలు రోడ్డు విడిచి పోలేదు. త్రొక్కువాడు మాత్రము మాఱెను.

ఇప్పుడు త్రొక్కువాడెవ్వడు? కార్యాలయ భవనమునకు రాత్రి కావలి కాయువాడు, క్యాంటీనులో పొయ్యి వెలిగించుటకు వేకువనే వచ్చువాడు, కాంట్రాక్టు పద్ధతిపై వరండాలు ఊడ్చువాడు, క్వార్టర్లకు సున్నము వేయువాడు. వ్యవసాయము, ఇంటి పరిశ్రమ కాక ఇతర వృత్తులలో నున్నవారు పనికెట్లు పోవుచున్నారో 2011 జనాభా లెక్కలవారు అడుగగా, దేశముమొత్తముమీద నూటికి సుమారు 13 మంది సైకిలుపై పోవుచున్నట్లు తేలెను. నూటికి సుమారు 45 ఇండ్లలో సైకిలు కలదనియు, కారు, జీపు వంటివి నూటికి 5 ఇండ్లలోనైనను లేవనియు ఆ లెక్కలే చెప్పెను. ఐనను పెద్దరోడ్డుపై సైకిలువానికి మిగులునది కాలిబాటయొక్క అంచునకును బస్సుయొక్క చక్రమునకును నడుమ నుండు రెండడుగుల మురికినేల.

ఈ అన్యాయమునకు కారణము ఎవ్వరి దుష్టబుద్ధియు కాదు. రోడ్డు వెడల్పును పంచుట తారు పోయునాడు జరుగదు. అంతకు రెండు మూడేండ్ల ముందే, ఒక గదిలో, బల్లపై పఱచిన పటముమీద జరుగును. ఆ గదిలో నోరు విప్పినవారికి పటములో ఒక గీత దక్కును. రానివారి గీతను ఇతరులు పంచుకొందురు. సైకిలు త్రొక్కువాడు ఆ గదికి వచ్చుట మిక్కిలి అరుదు.

రాగూడదని ఎవ్వరును శాసింపలేదు. 1957 నాటి ఢిల్లీ అభివృద్ధి చట్టములోని 10వ సెక్షను ప్రకారము, ప్లానును స్థిరపఱచుటకు ముందు దాని ముసాయిదాను ప్రకటించి, ఏ వ్యక్తి యొద్దనుండియైనను అభ్యంతరములు, సూచనలు కోరవలెను. ‘ఏ వ్యక్తి యైనను’ అనుమాటను ఫైళ్లతో పరిచయమున్నవారు ఒకసారి నిదానించి చదువుట మంచిది. ఆ వ్యక్తికి స్థలముండవలెననికాని, కారుండవలెననికాని చట్టము చెప్పలేదు. 2041వ సంవత్సరము వఱకు దృష్టిలో నుంచుకొని వ్రాసిన మాస్టర్ ప్లాను ముసాయిదా 2021 జూనులో వెలువడినపుడు మొదట 45 దినముల గడువిచ్చి, పిదప ఆగస్టు 23 వఱకు పొడిగించిరి. సుమారు 33,000 అభ్యంతరములు, సూచనలు చేరెను. ‘మై భీ దిల్లీ’ అను పౌరుల ప్రచారోద్యమము పేదల బస్తీలకు, శ్రమజీవుల సంఘములకు ఆ ముసాయిదాను విప్పి చెప్పి, వారిచేతను వ్రాయించెను. మార్గము తెఱచియే యున్నదనుటకు ఇంతకన్న నిదర్శన మక్కఱలేదు.

తెఱచియున్న ద్వారమున ప్రవేశింపనివాని గతి ఎట్లుండునో ఢిల్లీలోనే చూడవచ్చును. 2008లో అంబేద్కర్ నగర్‌నుండి మూల్‌చంద్ వఱకు 5.8 కిలోమీటర్ల పొడవున బస్సులకు ప్రత్యేక మార్గము వేసిరి. దాని ప్రక్కనే సైకిళ్లకు వేఱు బాట నిచ్చిరి. లోపములు లేకపోలేదు, కూడళ్లలో దీపము మాఱుటకు చాల సేపు పట్టెడిది, సైకిలు బాటలో మోటారు సైకిళ్లు దూరెడివి. కారులలో నిలిచిపోయినవారి విసుగు నాటి పత్రికలనిండ ప్రకటితమాయెను. వ్యవహారము హైకోర్టునకెక్కెను. 2012 అక్టోబరులో న్యాయస్థానము ఆ మార్గమును రద్దుచేయ నిరాకరించెను. ఐనను 2015లో ఢిల్లీ ప్రభుత్వము దానిని తొలగింప నిశ్చయించెను. మఱుసటి యేడు పెఱికివేతయు సాగెను. ఆ బాటపై దినమును ప్రాణభయము లేకుండ పనికి పోయివచ్చిన కూలివాని సంతోషము మాత్రము ఎవ్వరి చెవిని పడలేదు. విసుగు చెందినవాడు వ్రాసెను, తృప్తి చెందినవాడు త్రొక్కుకొని పోయెను.

వినతికి ఫలముండునా యని సందేహించు ఉద్యోగికి తన శాఖల చరిత్రయే సమాధానము చెప్పును. ఏడవ వేతనసంఘము సైకిలు అలవెన్సును ఎత్తివేయుమని సిఫారసు చేసెను. నెలకు 90 రూపాయలకై పట్టింపేమని చాలమంది అనుకొనియుందురు. ఉద్యోగుల ప్రతినిధులు అలవెన్సులను గూర్చి తమ వాదమును కమిటీ యెదుట వినిపించిరి. 2017లో కేంద్రప్రభుత్వము ఆ సిఫారసును త్రోసిపుచ్చి, పోస్టుమాన్లకు, రైల్వే ట్రాక్‌మెన్లకు దానిని నిలిపి, 180 రూపాయలకు పెంచెను. 22,200 మందికి పైగా లబ్ధి పొందుదురని నాడు చెప్పిరి. సైకిలుకు అలవెన్సు కొఱకు వాదింపగలిగిన వర్గము సైకిలుకు దారి కొఱకు వాదింపలేదా?

విదేశములలో సైకిలుదారులు వాటియంతటవే పుట్టినవని కొందఱి భ్రమ. 1971లో నెదర్లాండ్సు వంటి చిన్న దేశమున రోడ్డు ప్రమాదములలో సుమారు 3,300 మంది మరణించిరి. వారిలో 400కు పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధిలోనికి వచ్చిరి. 1975లో సైకిలువారి సంఘమేర్పడెను. నాటినుండి దాని స్థానిక శాఖలవారు పురపాలక సంఘములను విడువక వెంటాడుచునే యున్నారు. ఆ దేశపు ఎఱ్ఱని సైకిలుబాటల క్రింద ఉన్నది ఆ పట్టుదలయే.

వచ్చి ఏమి చెప్పవలెను అను ప్రశ్నయే అన్నిటికన్న ముఖ్యమైనది. సైకిలు ఆరోగ్యకరమనియు, పొగ లేదనియు ఉపన్యసించినచో అధికారులు తలయూపి ఊరకుందురు. ఆ మాటలు వారికిని తెలియును. వారికి తెలియనిది, త్రొక్కువానికి మాత్రమే తెలిసినది వేఱు. మురుగు కాలువపై ఇనుప కమ్ములు దారివెంబడి పొడవుగా పఱచినచో సన్నని చక్రము వానిలో దిగబడును. అడ్డముగా పఱచినచో దిగబడదు. ఖర్చొక్కటే! సైకిలుబాట బస్సుస్టాపు వఱకు చక్కగా వచ్చి అక్కడ మాయమగును. దిగు ప్రయాణికుల నడుమ సైకిలువాడు ఏమి కావలెనో పటము గీచినవానికి తోచలేదు. మోటారు సైకిళ్లను ఆపుటకు నాటిన స్తంభములు, రెండు ప్రక్కల పాలక్యానులు కట్టుకొన్న సైకిలును గూడ ఆపును. ఫ్లైఓవరు మొదట ఎడమవైపు చీలిన దారిలోనికి కారులు వేగము తగ్గింపక మఱలుచుండగా, తిన్నగా పోవలసినవాడు వాని నడ్డగించి పోవలసివచ్చును. చాలమంది పడునది అక్కడనే. చెట్లనీడ గల బాటకు రాత్రి దీపమున్నదా యని పగలు సందర్శించిన ఇంజనీరునకు తట్టదు. ఏ కూడలి, ఏ స్తంభము, ఏ వేళ, ఎంత వెడల్పు అని చెప్పగలవాని మాటను త్రోసివేయుట కష్టము.

లెక్క కలసినచో ఇంకను కష్టము. ఇండియన్ రోడ్సు కాంగ్రెసువారు 1962లోనే సైకిలుబాటల నిర్మాణమునకు నియమములు ప్రచురించిరి. ఢిల్లీ మొదటి మాస్టర్ ప్లాను అమలులోనికి వచ్చినదియు ఆ యేడే. గంటకు 100 మొదలు 200 వఱకు మోటారు వాహనములు నడచు దారిలో, రద్దీవేళ గంటకు 400 సైకిళ్లున్నచో వేఱు బాట సమర్థనీయమనియు, మోటారు వాహనములు 200 మించినచో 100 సైకిళ్లున్నను చాలుననియు ఆ నియమములలో నున్నది. ఒక కాగితము, ఒక పెన్సిలు, కూడలిలో ఒక గంట, ఇద్దఱు కళాశాల విద్యార్థులు. ఇంతతో ఒక రోడ్డుయొక్క హక్కు తేలును.

చోటెక్కడ అనుటయు సభకు రావలసిన మాటయే. హైదరాబాదులో వెలుపలి వలయ రహదారి వెంబడి సూర్యరశ్మి ఫలకముల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు బాటను 2023 అక్టోబరులో ప్రారంభించిరి. చూచుటకు ముచ్చటయే. కాని పాతబస్తీనుండి పనికి పోవువానికి అది దారి కాదు. ఉదయవ్యాయామమునకు వచ్చువారి అభిరుచి ఒకటి, పొట్టకూటికి త్రొక్కువాని అవసరము మఱియొకటి. గదిలో ఏ యొక్కరు కూర్చున్నను బాట వారి యింటివైపే వంగును.

పొట్టకూటికి త్రొక్కువాడు ఏల రాడు? ప్రకటన వచ్చు పత్రిక వాని చేతికి రాదు. సభ పనివేళలో నుండును. ఒక పూట పోయినచో ఆ పూట కూలియు పోవును. నివాసుల సంఘములో వానికి సభ్యత్వము లేదు, నగరమున వానికి ఇల్లే లేదు గనుక. వచ్చినను, కుర్చీలలో కూర్చున్నవారిని చూచి గోడప్రక్కన నిలిచి, మాటాడకయే వెడలును. వానిని రమ్మని ఉద్బోధించి ఊరకుండుట ఆకలిగొన్నవానికి పంచభక్ష్యముల పేర్లు చదువుట వంటిది.

ఇక్కడనే సమాజ సభ్యుల పని మొదలగును. ప్రకటనను చదివి గడువు తేదీని గుర్తించుట, ముసాయిదాలో రోడ్లను గూర్చిన అధ్యాయమును వెదకుట, పేరాగ్రాఫు సంఖ్య వేసి అభ్యంతరము వ్రాయుట, అందినట్లు రసీదు పుచ్చుకొనుట. ఇవన్నియు కేంద్రప్రభుత్వ గుమాస్తాకు వెన్నతో పెట్టిన విద్య. సంఖ్య వేసి చేరిన కాగితమునకు ఎప్పుడో ఒకప్పుడు ఎవ్వరో ఒకరు నోటు వ్రాయక తప్పదని ఆయనకంటె ఎఱిగినవా డెవ్వడు? ప్రవర్తనా నియమావళి అడ్డువచ్చునేమో యని జంకువారి యిండ్లలో విశ్రాంత జీవితము గడుపు తండ్రులు కలరు. వారికి తీరికయు మెండు, దస్తూరియు బాగుండును.

కార్యాలయపు మెట్లక్రింద వరుసగా నిలిపియున్న సైకిళ్ల యజమానులు ఎవ్వరో తెలిసికొనుటకు ఒక భోజనవిరామము చాలును. ఏ దారిన వచ్చుచున్నారు, ఎక్కడ దిగి నడిపించుకొని పోవలసివచ్చుచున్నది, ఎన్నిసార్లు పడిరి అని అడిగి, వారు చెప్పినది వారి మాటలలోనే వ్రాసి, చదివి వినిపించి సంతకమో వేలిముద్రయో తీసికొనవచ్చును. విచారణ దినమున వారిలో ఒకనికి ఆ పూట కూలిని సమాజ నిధినుండి చెల్లించి, వెంట నిద్దఱు సభ్యులు పోయి, గోడప్రక్కన కాక ముందువరుస కుర్చీలో కూర్చుండబెట్టవచ్చును. సాంస్కృతిక సమాజపు వార్షిక వ్యయములో అది పూలదండల పద్దుకంటె మించదు.