రహదారి మరణములు, మత్తు: కార్మికుల కర్తవ్యము
(శాఖా సభలో చేసిన ప్రసంగ పాఠము)



2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు సమీపమున, చిన్నటేకూరు వద్ద, హైదరాబాదు నుండి బెంగుళూరు పోవుచున్న బస్సు దగ్ధమై అందులోని 19 మంది మరణించిరి. అంతకు కొంత ముందు అదే చోట ఒక మోటారు సైకిలు డివైడరును ఢీకొనగా, నడుపుచున్న యువకుడు మరణించెను. రోడ్డుపై పడియున్న బండిని బస్సు ఈడ్చుకొనిపోవుటతో నిప్పు పుట్టినది. ఆ యువకుడు మద్యము సేవించి యున్నట్లు ఫోరెన్సిక్ పరీక్షలో తేలినదని పోలీసు అధికారులు ప్రకటించిరి. మంటలలో చిక్కినవారికి బయటపడు దారి ఎందుకు దొరకలేదన్నది వేరొక ప్రశ్న. మత్తు పేరు చెప్పి దానిని మరుగుపరచరాదు.

2022లో దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించినట్లు కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో మద్యము, మాదకద్రవ్యముల ఖాతాలో చూపినవి నూటికి మూడు కూడ లేవు. దీనిని మేము నమ్మజాలము. పోలీసు కాగితములో సాధారణముగా ఒక్క కారణమే వ్రాయుదురు. త్రాగి వేగముగా నడిపినచో అది ‘అతివేగము’ క్రిందికే పోవును. చనిపోయిన డ్రైవరు రక్తమును అన్నిచోట్ల పరీక్షించుట లేదు. ఇక గంజాయి సంగతి చెప్పనక్కరలేదు. ఊదించి చూచు యంత్రము మద్యమును పట్టునే గాని గంజాయిని పట్టదు.

1988 మోటారు వాహనముల చట్టము 185వ సెక్షను ప్రకారము 100 మిల్లీలీటర్ల రక్తమున 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు మించినచో నేరము. 2019 సవరణతో మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండును. మాదకద్రవ్యమునకు మాత్రము కొలత లేదు. వాహనమును అదుపు చేయజాలని స్థితి అని చెప్పి ఊరకున్నారు.

రైలింజను నడుపు మన సోదరులు డ్యూటీలో చేరునపుడే శ్వాస పరీక్షకు నిలుచుచున్నారు. దానికి మేము వ్యతిరేకులము కాము. కాని లారీ డ్రైవరు మాట ఏమి? రోజుకు సామాన్యముగా ఎనిమిది గంటలకు మించి పని చేయించరాదని మోటారు కార్మికులకు 1961లోనే చట్టము వచ్చినది. రెండేసి రాత్రులు స్టీరింగు విడువనివాడు నిద్ర ఆపుకొనుటకు నల్లమందును, అలసట మరచుటకు సారాయిని ఆశ్రయించుచున్నాడు. సరకు ఆలస్యమైనచో కిరాయి కోయు యజమానికి ఏ యంత్రమును ఊదవలసిన పని లేదు!

చనిపోయిన ప్రతి డ్రైవరు రక్తమును పరీక్షింపవలెనని, రహదారుల వెంట విశ్రాంతి గదులు కట్టవలెనని మేము కోరుచున్నాము. మన మెయిల్ మోటారు డ్రైవర్లకు వరుస రాత్రి డ్యూటీలు వేయరాదు. ఇక మన సభ్యులలో ఎవరైనను త్రాగి స్కూటరు ఎక్కబోయినచో, తోటివారు తాళపుచెవి తీసికొని ఆటోలో ఇంటికి పంపుడు. ఆ ఖర్చును శాఖా నిధి నుండి చెల్లించుటకు కార్యదర్శులను కోరుచున్నాము.