యంత్రనేత్రమునకు చూపు దిద్దుట



నలువది యేండ్లు దాటినవారిలో చత్వారమనిన నెఱుగనివారుండరు. పంచాంగమును చేయి చాచి దూరముగా పట్టుకొని చదువవలసి వచ్చును. సూదిలో దారమెక్కింప మనుమరాలిని పిలువవలసి వచ్చును. కంటిలోని కటకము పడుచుతనమున మెత్తగా నుండి, దగ్గరి వస్తువును చూచునపుడు ఉబ్బుచు, దూరపు వస్తువును చూచునపుడు పలుచనగుచు తన్ను తానే సవరించుకొనును. వయసు మీరినకొలది అది బిరుసెక్కి ఆ పని చేయజాలకుండును. అపుడు అద్దములవాడు కంటి ముందొక కటకమును చేర్చి చూపు నిలుపును. నేడు నేను చెప్పబోవునది సినిమా తీయు డిజిటల్ కెమెరా చూపును గూర్చి. ఈ కంటికి అద్దములు పెట్టకయే, ఉన్న కటకమును మార్చకయే, లోపలి బుద్ధికి క్రొత్త పాఠము చెప్పి చూపు బాగుచేయు విద్య యొకటి వచ్చినది.

కెమెరా కటకము మన కంటివలె ఉబ్బదు. అందలి గాజుబిళ్ళలు ముందుకును వెనుకకును జరుగును. అవి తగిన తావున నిలిచిననే బొమ్మ తేటగా పడును. దీనినే ఫోకస్ అందురు. నిలుచున్న మనిషిని ఫోటో తీయుట సులభము. సినిమాలో మనిషి నడచును, కూర్చుండును, వెనుదిరుగును. 85 మిల్లీమీటర్ల కటకమును 1.4 అను పెద్ద రంధ్రమున నుంచి, రెండు మీటర్ల దూరమున నున్న మనిషిని చిత్రించినచో, తేటగా కనబడు మందము రెండంగుళములు కూడ నుండదు. కనురెప్ప వెండ్రుకలు స్పష్టముగా నుండగా చెవి మసకబారిపోవును. నటుడు మాటలాడుచు ఒక్కింత ముందుకు వంగెనా, ముఖమే చెదరిపోవును.

ఈ చిక్కును తీర్చుటకు సినిమావారు ఒక మనిషిని పెట్టుకొందురు. అతనిని ఫోకస్ పుల్లర్ అందురు. అతడు నటుడు నిలుచు తావులందు నేలపై గుర్తులు పెట్టును. కెమెరానుండి ఆ గుర్తులకు టేపుతో కొలతలు తీయును. వానిని కటకమునకు తగిలించిన చక్రముపై వ్రాసికొని, నటుడు కదలినపు డెల్ల తానును చక్రమును త్రిప్పును. ఆ పనిని దగ్గరనుండి చూచినవాడను గనుక చెప్పుచున్నాను: నటుడు అడుగు వేయుటకు ముందే భుజము కదలును, ఆ కదలికను బట్టి అతని చేయి చక్రముపై కదలును. చిత్రము చూచినవారిలో అతని పేరు తలచువాడు ఉండడు. పొరపాటు జరిగినపుడు మాత్రము అందఱును అతనివైపే చూతురు.

యంత్రమే ఈ పని చేయరాదా యని చిరకాలముగా ప్రయత్నములు సాగినవి. మొదటి పద్ధతి మీరు రేడియో మర త్రిప్పుట వంటిది. స్టేషను దగ్గరకు వచ్చినకొలది ధ్వని తేటపడును. దాటిన పిదపగాని దాటితిమని తెలియదు. మరల వెనుకకు రావలెను. కెమెరాయు నట్లే కటకమును ముందుకు జరిపి, బొమ్మ అంచులు చెడిన పిదప వెనుకకు తెచ్చుకొనుచుండెను. ఫోటోకు ఇది చాలును. సినిమాలో ఈ తడవులాట యంతయు తెరపై కనబడును. చూచువారికి కన్ను తిరుగును.

రెండవ పద్ధతి మన రెండు కన్నుల వంటిది. బొటనవ్రేలిని ముఖము ముందు నిలిపి, ఒకమారు ఎడమకన్నును, ఒకమారు కుడికన్నును మూసి చూడుడు. వెనుకనున్న గోడపై వ్రేలు అటునిటు జరిగినట్లు తోచును. ఆ జరుగుబాటును బట్టియే వస్తువెంత దూరమున నున్నదో మనస్సు గ్రహించును. జపానుదేశపు కేనన్ సంస్థవారు కెమెరా లోపల బొమ్మపడు ఫలకముపై నున్న ప్రతి గడిని ఎడమ, కుడి యని రెండుగా చీల్చి, ఆ రెండు సగములకు పడిన బొమ్మలను పోల్చు ఉపాయమును 2013లో ఈఓఎస్ 70డి అను కెమెరాలో పెట్టిరి. రెండును కలిసినచో ఫోకస్ కుదిరినట్లు. కలియనిచో ఎటు జరుగవలెనో, ఎంత జరుగవలెనో ఆ భేదమే చెప్పును. తడవులాట పోయినది.

అసలు కథ ఇచటనే యున్నది. ఆ సంస్థవారు 2011లో సి300 అనియు, 2012లో సి100 అనియు రెండు సినిమా కెమెరాలను వెలువరించియుండిరి. 2013లో కాన్ చలనచిత్రోత్సవమున అత్యున్నత బహుమానమందిన అబ్దెలతీఫ్ కెషిష్‌గారి ఫ్రెంచి చిత్రము సి300తో తీసినదే. ఆ కెమెరాల ఫలకమున ప్రతి గడియందును రెండేసి కాంతిగ్రాహకములు మొదటినుండియే యుండెను. కాని వానిని పోల్చి దూరము గ్రహించు బుద్ధి యంత్రమునకు లేకుండెను. రెండు కన్నులుండియు వాని భేదమును గమనింపనివానివలె నుండెను. 2014 ఫిబ్రవరినుండి సి100 కెమెరాలను మరమ్మతు కేంద్రమునకు పంపి, 500 డాలర్లు చెల్లించినవారికి ఆ బుద్ధిని చేర్చి యిచ్చిరి. అదే సంవత్సరమున సి300కును ఆ సౌకర్యము కలిగెను. చిత్రము నడుమ భాగమున మాత్రమే అది పనిచేసెను. అయినను ఒంటరిగా తిరుగుచు వాస్తవచిత్రములు తీయువారికి, టేపు పట్టు సహాయకుని పెట్టుకొనలేనివారికి, అది చిన్న మేలు కాదు.

యంత్రమునకు ఇట్లు బుద్ధి గఱపు ఆజ్ఞల పరంపరను ఫర్మ్‌వేర్ అందురు. సంతలో కొన్న కోడెను ఇంటికి తెచ్చి అరకకు మరపుదుము గదా. దాని కాళ్ళు మారవు, మెడ మారదు, పిలుపునకు తిరుగుట మాత్రము నేర్చును. ఇదియు నట్టిదే. ఉన్న కోడెకే మరపు ఖర్చు వేఱుగా నడుగుట న్యాయమా యని కొందఱు గొణగిరి. కెమెరాను కేంద్రమునకు రప్పించుకొని చేయు పని గనుక రుసుము పుచ్చుకొనుటను నేను తప్పుపట్టను. కాని దానికంటె సోనీవారి మార్గము నాకు మేలుగా తోచినది.

సోనీవారి ఎఫ్‌ఎక్స్6 అను కెమెరా 2020లో వెలువడినది. మొదటినుండియు అది మనుష్యుల ముఖమును, కన్నులను గుర్తింపగలిగెను. 2022లో రెండవ సంస్కరణమును రుసుము లేకుండ ఇచ్చిరి. దానిని యజమానుడు జ్ఞాపకపు కార్డుపై నెక్కించుకొని తానే కెమెరాలో చేర్చుకొనవచ్చును. పిమ్మట తెరపై నొక మనిషిని వ్రేలితో తాకినచో, అతడు వెనుదిరిగి ముఖము కనబడకున్నను కెమెరా వానిని వెన్నాడుచునే యుండును. ఎంత వేగముగా చూపు మరల్చవలెనో ఏడు మెట్లలో నిర్ణయింపవచ్చును. ఇది చాల ముఖ్యమని నా తలంపు. సినిమాలో చూపు తటాలున దూకరాదు. కథకు తగినట్లు మెల్లగా మరలవలెను.

మరి ఫోకస్ పుల్లర్ బ్రదుకు ఏమగును? పెండ్లి చిత్రములలోను, వార్తాచిత్రములలోను అతనికి తావు తగ్గినమాట నిజము. పెద్ద చిత్రములలో మాత్రము అతడు నేటికిని గలడు. తల్లియు కొడుకును మాటలాడుచున్నపుడు, కొడుకు మాట ముగియకమునుపే తల్లి ముఖమువైపు చూపు మరలవలెనని యంత్రమునకు ఎవరు చెప్పుదురు? ముఖమేదో అది యెఱుగును. ఎవరి ముఖము చూడదగినదో ఎఱుగదు. అదియునుగాక, పాతకాలపు సినిమా కటకములలో మోటారు ఉండదు. వానికి ఎన్ని ఆజ్ఞలు వ్రాసినను చేతితో త్రిప్పవలసినదే. చీకటియందును, గీతలులేని సున్నపుగోడ ముందును ఎంత గొప్ప యంత్రమైనను తడబడును.

మీ గ్రామములందును పెండ్లిండ్లకు వీడియో తీయు యువకులు గలరు. క్రొత్త కెమెరాకై అప్పు చేయబోవు కుఱ్ఱవాడు మీ సలహా నడిగినచో, పాతదానికి క్రొత్త ఫర్మ్‌వేర్ వచ్చినదేమో తయారుచేసినవారి ప్రకటనలలో ముందుగా చూచుకొమ్మనుడు. కటకములో మోటారున్నదో లేదో చూచుకొమ్మనుడు. రేపు ముహూర్తమనగా నేటి రాత్రి ఈ పనికి పూనుకొనవలదని గట్టిగా చెప్పుడు. బ్యాటరీ నిండుగా నెక్కించి తీఱికగా చేయవలెను. ఆజ్ఞలు ఎక్కుచుండగా నడుమ విద్యుత్తు తెగినచో, ఆ కెమెరా మరల మేల్కొనకయే పోవచ్చును. అపుడు మరమ్మతు కేంద్రమునకు పంపక తప్పదు.