ఎం.టెక్ చదవాలంటే: సీటు ఏ దారిలో వచ్చిందన్నదే ముఖ్యం
(బీటెక్ మూడు, నాలుగో సంవత్సరం విద్యార్థులు, తల్లిదండ్రుల అవగాహన సదస్సులో ఇచ్చిన ప్రసంగ పాఠం)



ముందుగా ఒక అనుమానం తీర్చుకుందాం. బాసర ట్రిపుల్ ఐటీ పిల్లల తల్లిదండ్రులు తరచుగా అడుగుతరు: "మావోడు ఆరేండ్లు చదివిండు గదా సార్, పీజీ అయినట్టే గదా?" కాదమ్మా. అందులో మొదటి రెండేండ్లు ఇంటర్‌తో సమానం, తర్వాతి నాలుగేండ్లు బీటెక్. ఎం.టెక్ అంటే ఆ పైన ఇంకో రెండేండ్లు.

ఎం.టెక్‌లో చేరటానికి మన రాష్ట్రంలో రెండు దారులున్నయి. ఒకటి గేట్, రెండోది పీజీఈసెట్. పీజీఈసెట్‌కు బీటెక్‌లో 50 శాతం మార్కులుండాలి, రిజర్వేషన్ వర్గాలకు 45 శాతం చాలు. రెండు గంటల పరీక్ష, 120 ప్రశ్నలు. గేట్ దేశమంతటికీ ఒకటే, మూడు గంటలు, 100 మార్కులు. గేట్ స్కోరు ఉన్నవాళ్లు పీజీఈసెట్ రాయనక్కర లేదు, కౌన్సెలింగ్‌లో ముందు పిలిచేది వాళ్లనే.

సీటు మట్టుకే అయితే ఏ దారైనా ఒకటే. డబ్బు దగ్గరికి వచ్చేసరికి ఒకటి కాదు. గేట్ స్కోరుతో ఏఐసీటీఈ గుర్తింపు ఉన్న కాలేజీలో ఫుల్‌టైమ్ చేరితే నెలకు 12,400 రూపాయల స్కాలర్‌షిప్ వస్తది. 24 నెలలకు లెక్కేసుకోండి, 2,97,600 రూపాయలు. పీజీఈసెట్‌లో మంచి ర్యాంకు వచ్చినా ఈ పైసలు రావు. చేరే నాటికి గేట్ స్కోరు చేతిలో ఉండాలి. చేరినంక మళ్లా రాసి తెచ్చుకుంట అంటే నడవదు. పార్ట్‌టైమ్ వాళ్లకు ఇది లేదు. స్కాలర్‌షిప్ తీసుకున్నన్ని రోజులు వేరే చోట జీతం తీసుకోరాదు.

అందుకే మూడో సంవత్సరం పిల్లలకు చెప్తున్న. గేట్ మీరు ఇప్పుడే రాయొచ్చు. స్కోరు మూడేండ్లు చెల్లుతది. పరీక్ష ఫిబ్రవరిలో ఉంటది గని దరఖాస్తులు అంతకుముందు ఆగస్టు, సెప్టెంబరు నెలల్లోనే మొదలైతయి. సంక్రాంతికి ఇంటికొచ్చి అడిగితే అప్పటికే గడువు పోయి ఉంటది. బీసీ పిల్లలు ఇంకోటి చూసుకోవాలి. గేట్‌కు మన రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ పనికిరాదు, కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి. తహసీల్ ఆఫీసుకు ముందే పోయి తెచ్చుకోండి.

ఇక ఫీజు రీయింబర్స్‌మెంట్. ఈపాస్‌లో దరఖాస్తు చేసుకోవాలి. బీసీ, ఈబీసీ కుటుంబాలకు ఏడాది ఆదాయం ఊళ్లల్లయితే లక్షన్నర, పట్టణంలయితే రెండు లక్షలు దాటొద్దు. హాజరు 75 శాతం ఉండాలి. మీసేవల వేలిముద్ర వేస్తేనే దరఖాస్తు ముందుకు పోతది. అన్నిటికంటే పెద్ద షరతు మాత్రం ఇది: సీటు కన్వీనర్ కోటాలో రావాలి. మేనేజ్‌మెంట్ కోటాకు, స్పాట్ అడ్మిషన్‌కు రీయింబర్స్‌మెంట్ లేదు. "ఇప్పుడు స్పాట్‌ల చేరుండ్రి, స్కాలర్‌షిప్ సంగతి మేం చూసుకుంటం" అని ఎవరన్న అంటే నమ్మకండి. కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టేటప్పుడు ఒక్క కాలేజీతో ఆగకుండా నాచుపల్లిలో ఉన్న జగిత్యాల జేఎన్‌టీయూ కాలేజీ, మంథని జేఎన్‌టీయూ కాలేజీ కూడా చూడండి. మీ బ్రాంచికి ఎం.టెక్ ఆ ఏడు అక్కడ ఉన్నదో లేదో సీట్ల పట్టికలో సరిచూసుకోండి.

సీటొచ్చినంత మాత్రాన డిగ్రీ రాదు. జేఎన్‌టీయూ ఎం.టెక్‌కు 68 క్రెడిట్లు పూర్తి చేయాలి. రెండో ఏడాది దాదాపు అంతా ప్రాజెక్టు పనే. బీటెక్‌లో లాగ అమీర్‌పేటలో కొనుక్కొచ్చి పెడుదమంటే కుదరదు. థీసిస్‌ను కాపీ పట్టే సాఫ్ట్‌వేర్‌లో వేసి చూస్తరు, బయటి నుంచి వచ్చిన పరీక్షకుని ముందు మాట్లాడాలి.

విదేశాలకు పోయి ఎమ్మెస్ చేద్దామనే ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఉంది. 20 లక్షల వరకు ఇస్తరు. బీటెక్‌లో 60 శాతం మార్కులు, కుటుంబ ఆదాయం 5 లక్షల లోపు, కుటుంబంలో ఒక్కరికే. అక్కడ దిగినంక ఆ కాగితం చూపిస్తే సగం, మొదటి సెమిస్టర్ ఫలితం చూపిస్తే మిగతా సగం. అంటే విమానం ఎక్కేదాక ఖర్చు ఇంటిదే. ఈ ఒక్క లెక్క వేసుకోక మధ్యల అప్పుకు పరుగెత్తే కుటుంబాలు ఉంటయి.

చివరికి బ్యాంకు ఖాతా. చిన్న విషయమే గని పైసలు ఎక్కువగా ఆగేది ఇక్కడనే. ఏఐసీటీఈ స్కాలర్‌షిప్‌కు విద్యార్థి ఒక్కరి పేరు మీదనే మామూలు సేవింగ్స్ ఖాతా ఉండాలి. అమ్మతోనో నాయనతోనో కలిపి తీసిన జాయింట్ ఖాతా, పరిమితి ఉన్న జీరో బ్యాలెన్స్ ఖాతా పనికిరావు. ఆధార్ లింకు కావాలి, ఆధార్‌లో, టెన్త్ మెమోలో పేరు ఒకే తీరుగ ఉండాలి. పేరులో తేడా ఉన్నోళ్లు చేతులెత్తండి, మీతోనే మొదలుపెడుదం.